కట్ట మీది గడ్డి

'కలుపు' అనే మాట మన చెవిలో రెండు రకాలుగా పలుకుతుంది. చేలో పీకెయ్యవలసిన మొక్క కలుపు. పాలూ నీళ్ళూ ఒకటి చెయ్యమన్నా కలుపే. తమిళంలో 'కళై' అంటే కలుపుమొక్క. తీసి పారెయ్యి అని చెప్పాలన్నా 'కళై' అనే అంటారు. నిఘంటువులు ఈ రెండు మాటల్నీ ఒకే కుదురుకు కట్టవచ్చు, ఆ తగువులోకి నేను పోను. ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే మాబోటి వాళ్ళకి మాత్రం ఒక భాష ఆ మొక్కని 'కలిసి వచ్చింది' అంటున్నట్టూ, రెండో భాష 'తీసెయ్యి' అంటున్నట్టూ వినిపిస్తుంది. మా కంబం లోయలో వాన నీటికీ, ఒడ్డు మీది మొక్కలకీ, వాటి మీద ఎప్పటికప్పుడు వచ్చిన కట్టుబాట్లకీ మధ్య నడిచిన చరిత్ర చాలావరకు ఈ రెండు మాటల మధ్యే నడిచింది.

2017 మాసి నెలలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. కంబానికి పడమట, కొండ మీంచి దిగివచ్చే వంక ఒకటి మా మామ తోట పక్కగా పోతుంది. ఇక్కడ దాన్ని ఓడై అంటారు. వాన లేనప్పుడు అందులో మేకలు నడుస్తాయి. వాన వస్తే గంటసేపట్లో మనిషెత్తు నీరు ఎర్రగా దిగుతుంది. ఆ ఒడ్డున మామా, అంతకు ముందు మామ తండ్రీ పెంచిన కంచె ఒకటుండేది. కంచె అంటే ముళ్ళకంచె కాదు. నీటి వైపు రెల్లు, దాని వెనక వట్టివేరు వరస, ఆ వెనక వావిలి పొదలు, అన్నిటికీ వెనక తాళ్ళు. మధ్య మధ్య ఎవరూ నాటని సర్కారు తుమ్మ కూడా ఉండేది, అబద్ధమెందుకు. ఆ ఏడు సర్కారు తుమ్మని సమూలంగా తియ్యమని కోర్టు ఆజ్ఞ అయింది. యంత్రం వచ్చింది. రెండు గంటల్లో ఒడ్డు గోడలాగా నున్నగా తేలింది. తుమ్మతో పాటు రెల్లూ, వట్టివేరూ, వావిలీ పోయాయి. మామ అడ్డం నిలబడ్డాడు గనక తాళ్ళు మిగిలాయి.

"ఇదంతా కలుపు గాదయ్యా" అని మామ అంటే, యంత్రం నడిపే కుర్రవాడు "నాకు చెప్పింది ఒడ్డు శుభ్రం చెయ్యమని, తాతా" అన్నాడట. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. పనికి పంపిన వాళ్ళ కాగితంలో ఒకే చెట్టు పేరుంది. అతని కంటికి పచ్చగా ఉన్నవన్నీ ఆ చెట్టే. ఆ ఏటి ఐప్పసి వానలకి ఒడ్డు తెగింది. రెండు కొబ్బరి చెట్లూ, తోట మూలన ఒక ముక్కా వంకలో కలిసిపోయాయి. తెగిన ఒడ్డు మీద కూచుని మామ నాతో అన్నాడు: "మన తాతలొచ్చి ఇక్కడ దిగిన రోజున గూడా ఎవరో ఒకరు కలుపనే అనుంటార్రా."

ఆ మాట నన్ను పాత పుస్తకాల వైపు తోసింది.

మన వాళ్ళు ఈ నేలకి వచ్చిన కథ పత్రిక పాఠకులకు కొత్త కాదు. 14వ శతాబ్దంలో విజయనగరపు కుమార కంపన మధుర సుల్తానుల మీదికి దండెత్తి వచ్చిన నాటి నుంచి, 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో కుదురుకున్నాడని చెప్పే కాలం దాకా, ఆ పైన 72 పాళయాల ఏర్పాటు దాకా, దళాల వెంట రైతులూ, రైతుల వెంట చేతిపనుల వాళ్ళూ దిగుతూనే వచ్చారు. కంబళత్తు నాయక్కర్లు, కమ్మవారు, రెడ్లు, దేవాంగులు, ఇరవైనాలుగు మనై చెట్లు, అరుంధతీయులు, ఒడ్డెలు. కంబంలో వీళ్ళ పక్కనే కన్నడం మాట్లాడే కప్పిలియర్లు. చరిత్ర పుస్తకాల్లో నాయకుల పేర్లుంటాయి, ఒడ్డెల పేర్లుండవు. కానీ చెరువు తవ్విందీ, కట్ట పోసిందీ, రాయి పేర్చిందీ ఒడ్డెలే. వాళ్ళ గునపం వెంట తెలుగు మాట దక్షిణాన ఎంత దూరం పోయిందో ఎవరైనా కూచుని లెక్కగడితే బాగుండును.

నీటి మాటల్ని చూడండి. తూము మనకు తూము, తమిళులకు తూంబు. చెరువు కింద సాగయ్యే నేల ఇద్దరికీ ఆయకట్టే. చెరువు నిండి పొర్లితే రాయలసీమలో మరువ పారిందంటారు, మధుర, తిరునెల్వేలి వైపు మరుకాల్ పారిందంటారు. కలుజు అనే మాట చిత్తూరు వైపూ ఉంది, ఇక్కడా కలుంగుగా ఉంది. చెరువును మాత్రం ఇక్కడ కణ్మాయ్ అంటారు, కంబం లోయలో కుళం అంటారు. మా ఊరి చెరువుల్లో ఒకటి వీరప్పనాయక్కన్ పేరు మోస్తోంది. చెరువు మీద గుర్రపుడెక్క పరుచుకున్నప్పుడు చూస్తే నాయక్కన్ పేరు తప్ప నీరు కనపడదు, అది వేరే సంగతి.

ఇంకో కంభం ఉంది. మార్కాపురం దగ్గరిది, భకారానికి ఒత్తున్నది. రెండు ఊళ్ళ బంధుత్వం గురించి మా పెద్దలు కథలు చెప్పుకుంటారు. నాకిక్కడ కావలసింది ఆ ఊరి చెరువు. గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య 57 అడుగుల ఎత్తు కట్ట వేసి చేసిన చెరువది. కృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో దానికీ, కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుకీ చోటు దొరికింది. పోరుమామిళ్ళ దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క చెప్పి, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ అందులో చెక్కారు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం, చౌడు నేల ఒక దోషం, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం ఒక దోషం. ముల్లపెరియారు నీటి మీద రెండు రాష్ట్రాల తగువు చూసిన మా లోయ వాళ్ళకి ఆ చివరి దోషం వివరించి చెప్పనక్కర్లేదు.

శాసనం చెరువును ఎలా కట్టాలో చెబుతుంది. కట్టిన చెరువును ఏడాది తర్వాత ఏడాది ఎలా నిలుపుకోవాలో చెప్పేది ఊరి వాడుక. అది రాతి మీద లేదు. మా తాత నోట నేను విన్నంత మేరకు చెబుతాను.

కట్ట లోపలి వైపు, నీరు తగిలే చోట, గరిక ఉండాలి. గరిక లేని మట్టి మొదటి వానకే గాళ్ళు పడుతుంది. గరికలో మేకలు మేయవచ్చు, ఎద్దులు కట్టెక్కకూడదు. కట్ట మీద పెద్ద చెట్టు ఉండకూడదు: చెట్టు చస్తే వేరు కుళ్ళి ఆ దారిన నీరు దూరుతుంది. తాడి మాత్రం కట్ట బయటి పాదాన ఉండవచ్చు, దాని వేళ్ళు పీచులాగా గుత్తిగా దిగుతాయి గనక. తూము ముందర, కలుజు మీద గడ్డిపోచ కూడా ఉండకూడదు. నీరు చెరువులోకి దిగే మొగదలలో జమ్మూ తుంగా ఉండనివ్వాలి, ఎర్రనీళ్ళు వాటి మధ్య నెమ్మదించి మట్టి దించుకుంటాయి. కానీ ఏటా తై నెల తర్వాత కోసుకోవాలి. జమ్ము కప్పుకి, తుంగ చాపకి. కొయ్యకుండా వదిలితే నాలుగేళ్ళకి అది చెరువు మధ్యకి నడుస్తుంది. వంక ఒడ్డున రెల్లు, వావిలి, కానుగ. ఏటి ఒడ్డున మద్ది. మెరక చేల గట్ల మీద వెంపలి, తంగేడు. వాటి రొట్ట దమ్ములో తొక్కాలి.

ఈ వాడుకలో ఏ మొక్కా పుట్టుకతో కలుపు కాదు. అదే జమ్ము మొగదలలో కాపుదారు, తూము ముందర దొంగ. ఎక్కడ, ఎంత, ఏ నెలలో అన్న మూడు ప్రశ్నలకి జవాబు చెబితేగాని దానికి పేరు పెట్టరు. ఒక దస్తావేజులో రాయాలంటే ఇంత చిక్కు ఎవరికీ గిట్టదు. నీటికి కావలసింది మాత్రం ఆ చిక్కే. కొండ మీంచి దిగే నీరు వేగంగా ఉన్నప్పుడు నేలను కోస్తుంది, నెమ్మదిస్తే నేలకి ఒండ్రు పెడుతుంది. నీటి వేగాన్ని తగ్గించడానికి రాయి కట్టాలంటే డబ్బు కావాలి. వెయ్యి గడ్డి కాడలు వంగి లేస్తూ అదే పని ఊరికే చేస్తాయి.

ఊరికే అన్నాను, అది పూర్తిగా నిజం కాదు. జమ్ము కోసిందెవరు? బురదలో దిగి తూము ముందర పీకిందెవరు? కుడిమరామత్తు అని ఇప్పుడు ముద్దుగా పిలుస్తున్న ఆ ఏర్పాటును నేను కీర్తించబోవడం లేదు. కుడి తమిళం, మరమ్మతు పరాయిదేశపు మాట, చాకిరీ మాత్రం ఊరి కింది వాడలది. భూమి ఉన్నవాడు తన వంతుకు మనిషిని పంపేవాడు. వెళ్ళినవాడికి భూమి ఉండేది కాదు. తూము తీసి, నీరు కట్టి, చెరువు కాసినవాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులున్నారు. వాళ్ళకి దక్కింది కళ్ళంలో చాటెడు గింజలు. మన సభల్లో నాయకరాజుల చెరువుల గురించి ఉపన్యాసాలు విన్నప్పుడల్లా ఆ చాట నాకు గుర్తొస్తుంది.

కుంఫిణీ వాళ్ళు ఈ వాడుకను చూసి దాన్ని చట్టం చేశారు. 1858లో మద్రాసు రాజధానికి ఒకటో నంబరు చట్టంగా నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. కట్టకు ప్రమాదం వస్తే ఊళ్ళో ఒళ్ళు వంగే ప్రతి మగవాడినీ పనికి పిలవవచ్చు. వాడుక ప్రకారం చెయ్యవలసిన మరమ్మతుకు రానివాడి దగ్గర ఆ పని విలువకు రెట్టింపు వసూలు చెయ్యవచ్చు. గండ్లు పూడ్చడం, గాళ్ళు మూయడం, కట్ట మీద కంప కొట్టడం, కాలువల్లో కలుపు తియ్యడం ఊరి వంతు. పెద్ద పనులు సర్కారు వంతు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఊరి వాడుకలో జమ్ము కోసినవాడికి జమ్ము దక్కేది, చెరువు మట్టి తీసినవాడికి మట్టి దక్కేది. చెరువు పోరంబోకుగా లెక్కకెక్కాక చెట్టు సర్కారుది, చేపలు వేలంపాటవి, మట్టికి అనుమతి చీటీ. తాటి పండు కోసుకోవడానికి కూడా 'టూ సీ పట్టా' అనేదొకటి పుట్టింది. హక్కు పోయి పని మిగిలింది. హక్కు లేని పని ఎన్నాళ్ళు సాగుతుంది? 1883లో మద్రాసు ప్రభుత్వమే చెరువుల పునరుద్ధరణ పథకమని వేరే మొదలుపెట్టవలసి వచ్చింది.

మా లోయలో మాత్రం వాడుక చెడడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. చెప్పడానికి కొంచెం బెరుకుగా ఉంది, ఎందుకంటే మా ఇళ్ళల్లో పెన్నీక్విక్ పటం దేవుడి పటాల పక్కన ఉంటుంది. 1887లో మొదలై 1895 అక్టోబరులో పెరియారు ఆనకట్ట తెరుచుకుంది. కొండకవతల పడమటికి పోయే నీరు మైలు పైచిలుకు సొరంగంలోంచి తూర్పుకి తిరిగి మా మీదికి దిగింది. కంబం లోయలో 14,707 ఎకరాలకు రెండు కార్ల వరి. ఆ అన్నం తిని పెరిగినవాణ్ణి, దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ నీరు వచ్చాక కొండకవతలి వాన మాకు దేవుడైంది, మా నెత్తిన పడే వాన మాకు బెడదైంది. వంకలు, చిన్న కుంటలు ఎవరికీ పట్టకుండా పోయాయి. చెరువు మొగదలలో జమ్ము కొయ్యడానికి ఎవరూ పోలేదు. వంకలోకి చెత్త చేరింది. పదేళ్ళకొకసారి ఆ వంక తన దారి తాను వెతుక్కుంటూ వీధుల్లోకి వచ్చినప్పుడు అందరం ఆశ్చర్యపోతాం.

ఇక మొక్కల మీద సర్కారు చేసిన యుద్ధాల కథ. మొదటిది నాగజెముడు మీద. ఇక్కడ సప్పాత్తిక్కళ్ళి అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన జెముడు ఇది. దాని మీద బతికే పురుగు నుంచి ఎర్రరంగు తియ్యవచ్చునని కుంఫిణీ వాళ్ళకి ఆశ పుట్టి, 1795లో బ్రెజిల్ నుంచి పురుగును తెప్పించుకున్నారు. వచ్చింది అసలు పురుగు కాదు, దాని దాయాది. రంగు దక్కలేదు, జెముడులో ఒక జాతిని మాత్రం అది తినేసింది. ఇంకో జాతి దక్షిణాదిలో పొలాల గట్లూ, చెరువు కట్టలూ ఆక్రమించింది. దాన్ని కొట్టించడానికి సర్కారు డబ్బు పోసింది, రైతులు ఒళ్ళు చీరుకున్నారు, పాములు అందులో కాపరం పెట్టాయి. కొట్టిన ప్రతి ముక్కా మళ్ళీ మొలిచింది. 1919లో మద్రాసు ప్రభుత్వం పంట పురుగులు, తెగుళ్ళు, కలుపుమొక్కల వ్యాప్తిని ఆపడానికి ఒక చట్టం చేసింది. ఫలానా మొక్క కలుపని సర్కారు ప్రకటిస్తే నేల ఉన్నవాడు దాన్ని తియ్యాలి. కలుపంటే ఏమిటో ఊరు కాక ప్రకటన చెప్పడం అప్పటి నుంచి మొదలు. నాగజెముడును చివరికి అణచింది చట్టం కాదు; 1926లో సింహళం నుంచి తెచ్చిన ఇంకో రంగుపురుగు. కొద్ది సంవత్సరాల్లోనే కట్టలు జెముడు లేకుండా అయ్యాయి. బెంగాల్లో 1936లో గుర్రపుడెక్క మీద ఒక చట్టమే చేశారు. గుర్రపుడెక్క దాన్ని చదివినట్టు లేదు.

రెండో యుద్ధం సర్కారు తుమ్మ మీద. తమిళంలో సీమైక్కరువేలం అంటారు. రెండు పేర్లూ నిజమే చెబుతాయి: అది సీమ నుంచి వచ్చింది, సర్కారు తెచ్చింది. మన తెలుగు పేరు కొంచెం నిష్ఠూరంగా ఉంటుంది, అందుకే నాకిష్టం. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ ఈ చెట్టు విత్తనాలు కావాలని పైకి రాశాడు. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనాలను కడప జిల్లా కమలాపురం వైపు నాటారు. అంటే పోరుమామిళ్ళ శాసనం ఉన్న జిల్లాలోనే. ఎండిన నేలలో కట్టెలకు పనికొస్తుందని తెచ్చిన చెట్టు అది, పనికొచ్చింది కూడా. రామనాథపురం వైపు ఎన్ని పొయ్యిలు దాని బొగ్గుతో వెలిగాయో చెప్పలేం. కానీ మేకలు కాయ తిని విత్తనం మోశాయి, వంకలు విత్తనం మోశాయి. చెరువు కడుపుల్లో, కాలువ ఒడ్డుల్లో అది అడవైంది. దాని కింద గడ్డి మొలవదు. అందుకే వంక ఒడ్డున దాన్ని చూసి పచ్చగా ఉందని సంబరపడకూడదు: పైన ముల్లు, కింద వట్టి మట్టి, వాన నీటికి ఆ మట్టి తేలిక. సర్కారే 1980లలో స్వీడన్ సాయంతో సామాజిక అడవుల పథకం కింద చెరువు కడుపుల్లో నాటించింది వేరే తుమ్మ, మన నల్లతుమ్మ. ఆకు చూసి పోల్చుకోలేనివాడికి రెండూ ఒకటే. కొట్టేటప్పుడు ఆ తేడా ఎందరు చూశారో నాకు అనుమానమే.

2015లో మధుర హైకోర్టు ధర్మాసనం ముందుకు వచ్చిన వ్యాజ్యాల మీద 2017 మొదట్లో ఆజ్ఞలయ్యాయి. సొంత నేలల్లో కూడా సర్కారు తుమ్మ తియ్యాలి, తియ్యకపోతే సర్కారు తీసి ఖర్చు రాబట్టాలి. ఆ ముందరి ఏడు ఈశాన్య రుతుపవనం తప్పి రాష్ట్రమంతా ఎండి ఉంది. నీటినంతా ఈ చెట్టే తాగేసిందన్న కోపం జనంలో ఉంది. ఏప్రిల్లో అదే హైకోర్టు చెన్నై పీఠం పని ఆపి, ముందు నిపుణులు చూడాలన్నది. అప్పటికి మా మామ ఒడ్డు నున్నగా అయిపోయింది. అదే 2017 మార్చిలో కుడిమరామత్తు అన్న పాత పేరుతో కొత్త పథకం మొదలైంది, నూరు కోట్లు, 1,519 చెరువులు. పేరు తిరిగి రావడం సంతోషమే. కానీ యంత్రం చేసే కుడిమరామత్తులో జమ్ము కోసుకునేవాడూ లేడు, చాటెడు గింజలవాడూ లేడు. రెండోది మంచికే. మొదటివాడితో పాటు మాత్రం ఏది ఉంచాలో ఏది తియ్యాలో తెలిసిన కన్ను పోయింది. అంతకు ముందు నుంచీ నడిచిన నూరు రోజుల పనిలోనూ కాలువ ఒడ్డున గడ్డి గీకడమే ఎక్కువగా కనిపించేది. గీకిన మేర ఎంతో కొలవడం తేలిక, ఉంచిన మేర కొలవడానికి పద్దు లేదు.

న్యాయంగా చెప్పాలంటే సర్కారు కూడా నేర్చుకుంటోంది. 2021 వ్యవసాయ బడ్జెట్లో 76 లక్షల తాటి గింజలు నాటిస్తామన్నారు, తాడి కొట్టాలంటే కలెక్టరు అనుమతి ఉండాలన్నారు. మామ అడ్డం నిలబడి కాపాడిన తాళ్ళకి నాలుగేళ్ళ తర్వాత చట్టం అడ్డం నిలబడింది. 2022 జులైలో తమిళనాడు ప్రభుత్వం ఆక్రమణ మొక్కల మీద ఒక విధానం ప్రకటించింది. దాని పేరులోనే తొలగింపుతో పాటు పునరుద్ధరణ కూడా ఉంది. పరాయి చెట్టు తీసిన చోట ఈ నేల మొక్కను నిలపాలన్నమాట. మాటగా బాగుంది.

ఈ చిక్కు మా ఒక్కరిదే అనుకునేవాణ్ణి. అమెరికాలో ఉన్న మా మేనకోడలు చెప్పగా తెలిసింది, అక్కడ ఇంటి ముందర గడ్డి ఇన్ని అంగుళాలు మించితే జరిమానా వేసే ఊళ్ళున్నాయట. 1990 ప్రాంతంలో మేరీలాండ్ రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో ఇళ్ళ ముందర చిన్న పల్లాలు చేసి, ఆ నేల మొక్కలే నాటి, కప్పుల మీది వాన నీటిని అందులో ఇంకించే పద్ధతి మొదలుపెట్టారు. వాన తోటలని పేరు. మొక్కలు ఎత్తుగా పెరిగితే ఇరుగుపొరుగుకు అది కలుపుగా కనిపించింది. ఎన్నో తగువుల తర్వాత 2021లో ఆ రాష్ట్రం చట్టం చేసింది, ఇళ్ళ సంఘాలు అటువంటి తోటల్ని అడ్డగించకూడదని. మన మొగదల జమ్ముకి చట్టం అండ దొరికిందన్నమాట, వేరే ఖండంలో.

వట్టివేరు సంగతి ఇంకా తమాషా. 1980లలో ప్రపంచ బ్యాంకు నిపుణులు నేల కోతను ఆపే గడ్డి కోసం మన దేశంలో వెతుకుతూ, మైసూరు దాటి గుండ్లుపేట రైతులు తరతరాలుగా చేల గట్ల మీద వట్టివేరు వరసలు పెంచుకోవడం చూశారు. పదడుగుల లోతుకి నిలువునా వేరు దిగుతుంది, పక్కలకి పాకదు. దక్షిణాదిలో సాగులో ఉన్న రకం విత్తనంతో మొలవదు, దుబ్బు చీల్చి నాటవలసిందే. అంటే కలుపు కమ్మన్నా కాలేదు. అక్కడి నుంచి ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పోయింది. గుండ్లుపేట నుంచి కంబం ఎంత దూరం? మా తాతలకి అది ఎవరు నేర్పారో, లేక ఇద్దరికీ ఎవరు నేర్పారో గాని, మామ ఒడ్డున ఉండి పోయిన వరస ఆ గడ్డిదే.

మొక్కలతో పాటు ఇంకోటి పోతోంది. మా పిల్లలకి నొచ్చి తెలుసు, వావిలి తెలియదు. పుంగు తెలుసు, కానుగ తెలియదు. మరుదు తెలుసు, మద్ది తెలియదు. నాణల్ కూడా తెలియదు, రెల్లు అసలే తెలియదు. తాటిచెట్టుకి మాత్రం రెండు పేర్లూ తెలుసు. మన తెలుగు కుటుంబాలు ఈ నేలలో అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం'గా రాశారు, తమిళంలో. దాని కొనసాగింపుకే 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన ఇంటి భాష తెలుగు. అందులో తప్పేమీ లేదు, రాయడం వచ్చిన భాషలో రాశారు. కానీ మన నోట ఉన్న మొక్కల పేర్లు మన లిపిలో ఎక్కడా రాసి లేవు. మొన్న మామ దగ్గర కూచుని రాసుకుంటే 41 వచ్చాయి. అందులో 9 మొక్కల్ని చూపించమంటే "అవి ఇప్పుడు లేవురా" అన్నాడు.

కిందటి కార్తీకంలో మామ మళ్ళీ ఒడ్డు మీద పడ్డాడు. వట్టివేరు దుబ్బులు కొండ మీది ఊళ్ళో ఒకరింట దొరికాయి. రెల్లు తనంతట తానే రెండు చోట్ల వచ్చింది. వావిలి కొమ్మలు గుచ్చాడు. వంక పోరంబోకు గనక అనుమతి కావాలన్నారు, అర్జీ పెట్టాం. నాటబోయే మొక్కల పేర్లు రాయడానికి అందులో ఒక గడి ఉంది. మామ చెబుతున్నాడు, గుమాస్తా రాస్తున్నాడు.

"వావిలి."

"అట్లాంటిది జాబితాలో లేదండీ."

"నొచ్చి అని రాయి."

రాశాడు.

"రెల్లు. అదే, నాణల్."

గుమాస్తా జాబితా తిరగేసి, కలం ఆపి, "అది కలుపు కిందకి వస్తుందండీ" అన్నాడు. మామ కుర్చీ ముందుకు జరుపుకుని, ఒడ్డున నీరు ఎటు నుంచి ఎటు వస్తుందో బల్ల మీద వేలితో గీసి చూపించడం మొదలుపెట్టాడు.